మిల్లీసెకనులో చేరాలి, మధ్యలో ఎవడి చేతా పడకూడదు: ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ డెల్టాలో ఎంతవరకు పనికొస్తుంది?

క్లుప్తంగా: 5జీలో "ఒక్క మిల్లీసెకను, లక్షకి ఒకటి మించి తప్పకూడదు" అనే తరహా కనెక్షన్ ఒకటుంది. అందులో వెళ్లే మెసేజ్ చాలా చిన్నది, కాబట్టి మామూలుగా వేసే తాళం (ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనివాడికి అర్థం కాకుండా మెసేజ్‌ని మార్చేయడం) కొన్నిసార్లు సరుకు కంటే బరువైపోతుంది. రేడియో దారినే తాళంగా వాడుకునే పద్ధతిని ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ అంటారు. అది ఎన్‌క్రిప్షన్‌కి బదులు వచ్చేది కాదు, పక్కన వేసే ఇంకో గడియ. నీళ్లూ చదును నేలా ఉన్న గోదావరి డెల్టాలో దాని బలం ఒకచోట తగ్గుతుంది, ఒకచోట పెరుగుతుంది. ఇక్కడి అవసరాలకి మాత్రం రహస్యం కంటే "ఈ ఆర్డర్ నిజంగా ఎవరిచ్చారు" అన్నదే పెద్ద ప్రశ్న.

విషయం ఎక్కడ మొదలైంది

భీమవరం, ఆకివీడు, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, అవి ఆగిపోయి ఎవరూ చూసుకోకపోతే తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంట పంటంతా పోతుంది, అందుకే చాలామంది సిమ్ కార్డు వేసే మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్నారు, ఇంట్లోంచే ఫోన్ చేసి మోటారు ఆన్ చేస్తారు. దేశంలో 2022 అక్టోబర్ 1న 5జీ మొదలయ్యాక ఇలాంటి పనులన్నీ ఇక "రియల్ టైమ్"లో అయిపోతాయని, డ్రోన్లు, సబ్‌స్టేషన్లు, గ్యాస్ వాల్వులు, పోర్టు క్రేన్లు అన్నీ గాల్లోంచే నడుస్తాయని ప్రచారం జోరందుకుంది. దాంతో పాటే "మరి మధ్యలో ఎవడైనా దూరితే?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. జవాబుగా ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ అనే మాట వినపడుతోంది గానీ, అది ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది చాలామందికి కలగాపులగంగానే ఉంది.

ముందు ఆ కనెక్షన్ సంగతి. 5జీని మూడు రకాల పనుల కోసం డిజైన్ చేశారు. సినిమాలు, రీల్స్ లాంటివాటికి ఎక్కువ స్పీడు ఒకటి, లక్షల కొద్దీ చిన్న సెన్సర్లని కలపడం రెండోది, మూడోది చాలా తక్కువ ఆలస్యంతో చాలా నమ్మకంగా చేరే కనెక్షన్. ఈ మూడోదాన్నే యూఆర్ఎల్ఎల్‌సీ అంటారు. దీనికి మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ పెట్టిన మొదటి టార్గెట్ ఏంటంటే 32 బైట్ల ప్యాకెట్, రేడియో మీద 1 మిల్లీసెకనులో, 99.999 శాతం సార్లు చేరాలి.

ఈ 99.999 దగ్గరే ఒక పొరపాటు బాగా జరుగుతుంది. దీన్ని కరెంటు సప్లై లెక్కలా "ఏడాదికి 5 నిమిషాలే ఆగుతుంది" అని చదువుకుంటారు. అది కాదు. ఇది ప్యాకెట్ల లెక్క, లక్ష పంపితే ఒకటి టైముకి చేరకపోవచ్చు అని అర్థం. ఒక మెషిన్‌కి ప్రతి 10 మిల్లీసెకన్లకి ఒక ఆర్డర్ వెళ్తోందనుకుంటే సెకనుకి 100, లక్ష అవ్వడానికి 1000 సెకన్లు, అంటే సుమారు 17 నిమిషాలకి ఒకటి తప్పొచ్చన్నమాట. ఇందులో దాడి చేసేవాడికి ఒక వాటం ఉంది. సినిమా చూసే కనెక్షన్ పాడుచెయ్యాలంటే వాడు గట్టిగా, చాలాసేపు అడ్డుపడాలి, యూఆర్ఎల్ఎల్‌సీ మాట తప్పించాలంటే లక్షలో ఇంకో రెండు మూడు ప్యాకెట్లు చెడగొడితే చాలు. నమ్మకం ఎంత పైన పెట్టుకుంటే దాన్ని చెడగొట్టడం అంత చవక!

ఎన్‌క్రిప్షన్ ఉందిగా, ఇంకేం కావాలి?

ఎన్‌క్రిప్షన్ స్లో, అందుకే యూఆర్ఎల్ఎల్‌సీకి పనికిరాదు అని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది సగమే నిజం. రెండు వైపులా తాళంచెవి ముందే ఉంటే 32 బైట్లకి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ వెయ్యడానికి ఇప్పటి చిప్పులకి పట్టేది మైక్రోసెకన్లే, దాన్ని తప్పుపట్టే పనే లేదు.

కష్టమంతా చుట్టుపక్కల ఉంది. ప్యాకెట్‌ని మధ్యలో ఎవరూ మార్చలేదని చూపించే ముద్ర 5జీలో 4 బైట్లు, 32 బైట్ల సరుకు మీద అదే ఎనిమిదో వంతు బరువు. తాళంచెవి కొత్తగా మార్చుకోవాలంటే అటూ ఇటూ మెసేజ్‌లు తిరగాలి, ఒక్కో తిరుగుడికీ టైము ఖర్చు. పైగా తాళంచెవి పంచుకోవడానికి ఇప్పుడు వాడే పబ్లిక్ కీ పద్ధతుల్ని పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే బద్దలు కొట్టొచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు కాబట్టి కొత్త పద్ధతులు తెచ్చారు, అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఎంఎల్-కెమ్ అనే స్టాండర్డ్ ఇచ్చింది, దాని మధ్య సైజులో పబ్లిక్ కీ ఒక్కటే 1184 బైట్లు. అంటే మన ప్యాకెట్‌కి సరిగ్గా 37 రెట్లు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఒక్క సైకిల్ దాటించాలంటే ముందు లారీని దాటించి రండి అన్నట్టుంటుంది. ఈ లారీ ప్రతి ప్యాకెట్‌కీ దాటాల్సిన పని లేదనుకోండి, అప్పుడప్పుడే, కానీ దాటిన ప్రతిసారీ 1 మిల్లీసెకను మాట పక్కన పెట్టాల్సిందే.

ఇంకో సంగతి దూరం. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లే పోతుంది. ధవళేశ్వరం దగ్గరున్న మెషిన్‌కి హైదరాబాద్‌లో ఉన్న సర్వర్ ఆర్డర్ ఇవ్వాలంటే దారిలోనే 2 మిల్లీసెకన్ల దాకా పోతాయి, ఏ టెక్నాలజీ అయినా అంతే. కాబట్టి సర్వర్ ఏ రాజమండ్రిలోనో కాకినాడలోనో టవర్ పక్క డబ్బాలోనో ఉండాలి. అలా పెడితే టైము కలిసొస్తుంది, కానీ డేటా సెంటర్ కాపలాలో ఉండాల్సిన తాళంచెవులు రోడ్డు పక్క డబ్బాలోకి దిగుతాయి.

గాలినే తాళం చెయ్యడం

ఇక్కడే ఫిజికల్ లేయర్ ఆలోచన మొదలవుతుంది. బిట్లని గజిబిజి చెయ్యడం మాత్రమే కాకుండా, అసలు సిగ్నల్ వెళ్లే దారిలోనే మనవాడికి (మెసేజ్ అందాల్సినవాడికి) ఉన్న సౌలభ్యం దొంగకి (చాటుగా వినేవాడికి) లేకుండా చెయ్యడం. 1975లో ఏరన్ వైనర్ దీనికి లెక్క కట్టాడు. దొంగకి అందే సిగ్నల్ మనవాడికి అందేదాని కంటే అధ్వాన్నంగా ఉంటే, ఏ తాళంచెవీ లేకుండానే రహస్యం పంపొచ్చని చూపించాడు. కిటుకు సింపులే, అసలు మెసేజ్‌లో కావాలని ఊక కలుపుతారు. మనవాడి దగ్గర మంచి చేట ఉంది కాబట్టి బియ్యం, ఊక రెండూ వేరు చేసుకుంటాడు, దొంగ చేటకి చిల్లులు ఎక్కువ, వాడి చేతికి ఊక తప్ప ఏం మిగలదు. 1978లో చిసార్, కోర్నర్ దీన్ని ఇంకా విస్తరించారు.

దీని మీదే తర్వాత చాలా కట్టారు. ఎక్కువ యాంటెన్నాలున్న టవర్ సిగ్నల్‌ని సన్నటి పాయలా ఒకవైపే తిప్పొచ్చు. కృత్రిమ నాయిస్ అని ఇంకోటుంది, 2008లో గోయల్, నేగి వివరించినది: టవర్ అసలు సిగ్నల్‌తో పాటు కావాలనే గోల కూడా పంపుతుంది, కానీ ఆ గోల మనవాడి యాంటెన్నా దగ్గరకి వచ్చేసరికి తనలో తనే కొట్టుకుపోయేలా సర్దుతుంది, మిగతా అందరికీ గోలే వినిపిస్తుంది. ప్రభల తీర్థంలో ఇరవై మైకులు ఒకేసారి మోగుతుంటే సరిగ్గా ఒక్క మనిషి చెవి దగ్గర మాత్రం నిశ్శబ్దం అయినట్టు. ఆ గోలకి కూడా పవర్ ఖర్చవుతుంది, ఆ పవర్ అసలు సిగ్నల్ వాటాలోంచే పోవాలి.

మూడోది తాళంచెవిని గాల్లోంచే తియ్యడం. ఒకే ఫ్రీక్వెన్సీలో అటూ ఇటూ మాట్లాడుకునే ఇద్దరికీ మధ్య దారి ఒకేలా కనిపిస్తుంది, ఎక్కడ ఎంత తగ్గింది, ఎంత ఎగిరింది అన్నది ఇద్దరూ విడివిడిగా కొలుచుకుని అదే అంకెల్లోంచి ఒకే తాళంచెవి తయారు చేసుకోవచ్చు, దాన్ని గాల్లో పంపాల్సిన పనే ఉండదు. చుట్టూ గోడలూ చెట్లూ ఉండి సిగ్నల్ అన్నివైపుల నుంచీ తగిలొస్తుంటే, అర తరంగం దూరంలో ఉన్న దొంగకి కూడా వేరే అంకెలు కనిపిస్తాయని లెక్క. 3.5 గిగాహెర్ట్జ్‌లో అది 4 సెంటీమీటర్ల పైచిలుకు, ఒక రొయ్య పొడవు కూడా ఉండదు.

పొట్టి ప్యాకెట్ దెబ్బ

వైనర్ లెక్క అంతా మెసేజ్ ఎంత పొడవైనా ఉండొచ్చు అనుకుని వేసింది. పొడవుంటే నాయిస్ సగటు అయిపోతుంది. పొట్టిగా ఉంటే అవ్వదు, ఒక్క బస్తాలో తేమ చూసి లోడు మొత్తానికి రేటు కట్టినట్టే ఉంటుంది. 2010లో పాలియాన్‌స్కీ, పూర్, వెర్దూ ఈ పొట్టి ప్యాకెట్ల వల్ల పంపగలిగే డేటాలో తరుగు ఎంతో లెక్క తేల్చారు, తర్వాత అదే రహస్యానికి కూడా అన్వయించారు.

అంకెల్లో పెట్టి చూస్తే సంగతి బాగా అర్థమవుతుంది. మనవాడికి సిగ్నల్ నాయిస్ కంటే 10 రెట్లు బలంగా వస్తోంది, దొంగకి నాయిస్‌తో సమానంగా వస్తోంది అనుకుందాం. పదివేల సింబల్స్ (గాల్లో ఒక్కో విడతలో పంపే సిగ్నల్ ముక్కలు) పొడవున్న ప్యాకెట్ అయితే 99.999 నమ్మకం కోసం పోయే తరుగు 2 శాతం లోపే. 100 సింబల్సే అయితే అదే తరుగు సుమారు 18 శాతం. మన 32 బైట్లు, అంటే 256 బిట్లు, రహస్యం అక్కర్లేకపోతే దాదాపు 91 సింబల్స్‌లో పట్టేస్తాయి. దొంగకి ఏమీ చిక్కకూడదు, చిక్కినా వెయ్యిలో ఒక వంతు మించకూడదు అని కండిషన్ పెడితే అవే 256 బిట్లకి దాదాపు 155 సింబల్స్ కావాలి. ఒక్క రహస్యం కోసం గాల్లో పట్టే టైము ఒకటికి ఒకటిన్నర రెట్ల పైనే. ఇది కూడా దొంగకి మనవాడి సిగ్నల్‌లో పదోవంతే అందుతోంది అనుకుంటేనే, వాడు టవర్‌కి ఇంకాస్త దగ్గరకి జరిగితే లెక్క మొత్తం మారిపోతుంది.

అసలు బలహీనత అదే. ఎన్‌క్రిప్షన్ ఇచ్చే హామీ దొంగ ఎక్కడున్నాడన్నదాని మీద ఆధారపడదు. ఫిజికల్ లేయర్ హామీ ఆధారపడుతుంది, పైగా ఊరికే వినేవాడు ఎక్కడున్నాడో టవర్‌కి తెలిసే మార్గం లేదు, వాడు నోరు మెదపడు కదా. ఇంకో తేడా కూడా ఉంది, మనవాడికి టైము 1 మిల్లీసెకనే, దొంగ మాత్రం రికార్డు చేసుకుని ఇంటికెళ్లి తీరిగ్గా కూర్చోవచ్చు.

కొంచెం తెలివైన దొంగైతే ఊరికే కూడా ఉండడు. ఫోన్ తన జాడ చెప్పడానికి టవర్‌కి పైలట్ సిగ్నల్ పంపే క్షణంలోనే వాడూ అదే పైలట్ పంపుతాడు, టవర్ మోసపోయి తన సన్నపాయలో కొంత వాడివైపే తిప్పేస్తుంది. కాపాడాల్సిన బీమే దొంగకి దారి చూపించినట్టవుతుంది.

డెల్టా నేల మీద ఈ లెక్కలు

ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ మీద కొలతలు ఎక్కువగా ఆఫీసు గదుల్లో, సిటీ వీధుల్లో తీసుకున్నవే. డెల్టా అలా ఉండదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య నేల దాదాపు బల్లపరుపు, చెరువుల వైపు వెళ్తే కనుచూపు మేరలో అడ్డమే లేదు. సిగ్నల్ నేరుగా ఒకటి, నీళ్ల మీద తగిలి ఒకటి, ప్రధానంగా ఈ రెండే దారులు. గోడలూ మేడలూ లేకపోతే గజిబిజి లేదు, గజిబిజి లేకపోతే గాల్లోంచి తాళంచెవి తియ్యడానికి ముడిసరుకే లేదు. చెరువు గట్టు మీద పాతిన సెన్సర్ కదలదు, టవర్ కదలదు, దారి సెకన్ల తరబడి అలాగే ఉంటుంది, కొలిచిన ప్రతిసారీ అదే అంకె. దొంగ కూడా టవర్ ఎక్కడుందో సెన్సర్ ఎక్కడుందో కంటితో చూసి లెక్కగట్టి దాదాపు అదే అంకె పట్టుకోగలడు. అర తరంగం రూల్ ఇలాంటి బయలు నేలలో పనిచెయ్యదు.

కోనసీమలో కొబ్బరి తోటల్లోకి వెళ్తే కథ మళ్లీ మారుతుంది. గాలికి ఊగే మట్టలు సిగ్నల్‌ని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటాయి, తాళంచెవికి అది మంచిదే, కానీ అదే ఊగుడు 99.999 నమ్మకానికి చెడ్డది. ఒకే మట్ట రహస్యానికి చుట్టం, నమ్మకానికి శత్రువు. తాళంచెవి తయారీ కూడా ఆ మిల్లీసెకనులో అయ్యే పని కాదు, నడిచే మనిషి చేతిలో ఫోన్‌కే దారి మారడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఖాళీ టైములో బిట్లు పోగేసి దాచుకుని అవసరానికి వాడుకోవాల్సిందే.

సముద్రం పక్కన ఇంకో చిక్కుంది. తీరంలో నీటి ఆవిరి వల్ల గాల్లో పొరలు ఏర్పడి సిగ్నల్ మామూలుగా ఆగాల్సిన దూరం దాటి కూడా పోతుంది, అంతర్వేది వైపు టవర్ సిగ్నల్ కొన్ని వేళల్లో సముద్రంలో బాగా లోపలికి వినపడొచ్చు. దొంగ దూరంగానే ఉన్నాడులే అన్న ధీమాకి ఇది గండి.

మెషిన్ల వేలిముద్ర పట్టే పద్ధతి మీదా ఇక్కడి వాతావరణం పడుతుంది. ప్రతి రేడియో తయారీలో చిన్న చిన్న తేడాలుంటాయి, వాటిని బట్టి ఇది మన సెన్సరా కాదా చెప్పొచ్చు. కానీ ఆ తేడాలు వేడితో జరుగుతాయి. రోహిణీ కార్తె మధ్యాహ్నం రేకు డబ్బాలో కాగిన సెన్సర్ వేలిముద్ర జనవరి తెల్లవారుజాముది కాదు, దాన్ని మళ్లీ మళ్లీ నేర్పుకుంటూ ఉండాలి.

వినేవాడి కంటే వేషం వేసేవాడు

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె రహస్యమా? టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, ఏటిగట్టు మీద టీ కొట్లో కూడా చెప్తారు. కానీ 14 అడుగులున్నప్పుడు ఎవడో దాన్ని 11గా మార్చి పంపితే లంక గ్రామాల పరిస్థితి ఏంటి? ఇక్కడ కాపాడాల్సింది అంకె నిజాన్ని. డెల్టాలో వైర్‌లెస్‌తో నడిచే లేదా నడవబోయే చాలా పనులు ఇలాంటివే.

ప్రపంచంలో జరిగినవి చూసినా అదే కనిపిస్తుంది. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీలో మురుగునీటి పంపుల్ని రేడియోతో నడిపేవాళ్లు, ఆ సిస్టమ్ పెట్టిన కంపెనీలో ముందు పనిచేసిన మనిషి సొంత రేడియోతో తప్పుడు ఆర్డర్లు ఇచ్చి సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి వదిలేశాడు. 2017 ఏప్రిల్‌లో అమెరికాలోని డల్లాస్‌లో 156 హెచ్చరిక సైరన్లు అర్ధరాత్రి ఊరికే మోగాయి, రేడియో టోన్‌తోనే మోగించారు. 2023 ఆగస్టులో పోలండ్‌లో రైళ్లని అత్యవసరంగా ఆపే సిగ్నల్‌ని ఎవరో గాల్లోకి వదిలితే 20 దాకా రైళ్లు ఆగిపోయాయి, ఆ సిగ్నల్ మూడు టోన్లే, దానికి ఏ తాళమూ లేదు. ఈ మూడింట్లో ఒక్కదానిలోనూ ఎవరూ రహస్యం దొంగిలించాల్సిన పని పడలేదు.

తుఫాను సైరన్ పెట్టిన తీర గ్రామంలో డల్లాస్ తరహా రాత్రి ఒక్కటి జరిగితే చాలు, రెండోసారి నిజంగా మోగినప్పుడు జనం కదలరు. 1996 నవంబర్ తుఫాను చూసిన కోనసీమలో ఇది ఊహకి అందని సంగతేం కాదు.

మొబైల్ ప్రమాణాల్లోనూ ఈ వైపు చాలాకాలం చిన్నచూపే. 4జీలో యూజర్ డేటాకి ఎన్‌క్రిప్షన్ ఉంది కానీ మధ్యలో మార్చారా లేదా అన్న చెక్ మొదట్లో పెట్టలేదు. 5జీలో వచ్చింది, కానీ ఆన్ చెయ్యాలా వద్దా అన్నది నెట్‌వర్క్ ఇష్టం. టైము కోసం, ఆ 4 బైట్ల కోసం దాన్ని ఆఫ్ చేసి యూఆర్ఎల్ఎల్‌సీ అంటే మాత్రం, గేటు తీసేసి ఇంటికి త్వరగా వెళ్లొచ్చని మురిసిపోయినట్టే.

ఫిజికల్ లేయర్ పద్ధతులు నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే. సెన్సర్ పాతిన చోటు మారదు కాబట్టి దాని దారి అంకెలూ పెద్దగా మారవు, ఇందాక తాళంచెవికి శాపమైన ఆ నిలకడే ఇక్కడ వరం. ఉన్నట్టుండి వేరే దారిలోంచి, వేరే కోణంలోంచి అదే పేరుతో ఆర్డర్ వస్తే అనుమానించొచ్చు, దానికి ప్యాకెట్‌లో ఒక్క బిట్ కూడా అదనంగా అక్కర్లేదు. 4 బైట్ల ముద్రతో పాటు ఇది కూడా ఉంటే దొంగ రెండు గడియలు తియ్యాలి.

జామర్ ముందు ఏ తాళమూ పనిచెయ్యదు

ఎవడో గట్టిగా గోల చేస్తే ఎన్‌క్రిప్షన్ ఏమీ చెయ్యలేదు. ఫ్రీక్వెన్సీలు గంతులేస్తూ పోవడం, రెండు టవర్ల నుంచి ఒకే ప్యాకెట్ పంపడం, గోల వచ్చే దిక్కుకి యాంటెన్నా చెవి మూసుకోవడం లాంటివే మార్గాలు, ఇవన్నీ ఫిజికల్ లేయర్ పనులే. రెండు టవర్లు వాడితే వినేవాడికి రెండు అవకాశాలు ఇచ్చినట్టవుతుంది, కానీ కంట్రోల్ ఆర్డర్ల విషయంలో ఆ బేరం మంచిదే. ఏదీ చేరకపోతే మెషిన్ ఏం చెయ్యాలో ముందే రాసుండాలి, ఏరేటర్ అయితే తిరుగుతూనే ఉండాలి, గ్యాస్ వాల్వు అయితే మూసుకోవాలి. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలుడు చూసిన జిల్లాకి ఆ రెండో మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

కరెంటు లైన్ తెగితే బ్రేకర్‌ని పడగొట్టే సిగ్నల్‌కి కొన్ని మిల్లీసెకన్లే టైము, 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క సైకిల్ అంటేనే 20 మిల్లీసెకన్లు. గాలివానకి వైర్లు చెరువుల్లో పడే ఊళ్లలో దానికి యూఆర్ఎల్ఎల్‌సీ అర్థవంతమే, దాని మీద ముద్ర, దారి చెక్, రెండు టవర్లు అన్నీ పెట్టినా దండగ కాదు. పోర్టు క్రేన్లకీ గ్యాస్ ప్లాంట్లలో అత్యవసర షట్‌డౌన్‌కీ ఇదే వర్తిస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి గానీ వాటికి మిల్లీసెకన్ల హడావుడి లేదు, వరద గంటల లెక్కలో వస్తుంది, అక్కడ కావాల్సింది నిజమైన ఆర్డరే.

చెరువు మీద మొబైల్ స్టార్టర్‌కి కూడా అంతే. ఆక్సిజన్ నిమిషాల్లో, గంటల్లో పడుతుంది, మిల్లీసెకన్లలో కాదు, కాబట్టి యూఆర్ఎల్ఎల్‌సీ పేరు చెప్పి ఎక్కువ రేటుకి అమ్మితే కొనాల్సిన అవసరం లేదు. చాలా స్టార్టర్లు ఇప్పుడు చూసేది ఫోన్ రిజిస్టర్ చేసిన నంబర్ నుంచి వచ్చిందా అని మాత్రమే, నంబర్‌ని వేషం వేయించడం ఏమంత కష్టం కాదు. దానికి మందు ఆర్డర్‌తో పాటు ఒక వరస నంబరు, ఒక ముద్ర పంపడం, వరస తప్పినా ముద్ర కలవకపోయినా మోటారు కదలకపోవడం. ఒక ఎస్ఎంఎస్‌లో 140 బైట్లు పడతాయి, వీటికి ఎనిమిది చాలు.